కొయ్య మెరుగు, కారు మెరుగు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పల్లెలలో ఈ మధ్య నన్ను పలువురడిగిన ప్రశ్న యొకటి కలదు. పాతకారు నొకదానిని కొనిరి. ఇంజను బాగుగనే యున్నది. కాని పైకప్పుమీదను ముందరి మూతమీదను మెరుగు పోయి, తెల్లని మచ్చలు లేచి, ఉల్లిపొర వలె పొట్టు రాలుచున్నది. రంగులు వేయు షెడ్డులో అడుగగా చెప్పిన వెల పంటసొమ్ములో మంచి భాగము. ఇంటికడ అటకమీద ద్వారబంధములకు పూయగా మిగిలిన వార్నిషు డబ్బా యున్నది. ఇదియు మెరయునదే, అదియు మెరయునదే. నీటిని సోకనీయదని డబ్బామీద వ్రాసియే యున్నది. దీనినే కారునకు పూసిన నేమి తప్పు?

పెద్దలారా, ఇది పిసినితనమున పుట్టిన ప్రశ్న కాదు. బాడుగకారు నడపి సంసారము నీడ్చుకొను యువకునకు బండి రూపమే సగము బేరము. రేపు దానిని అమ్మదలచినను కొనువాడు ముందు చూచునది పైమెరుగునే. అట్టివానికి "వలదు" అను ఒక్కమాట చెప్పి పంపుట న్యాయము కాదు. ఎందుకు వలదో చెప్పవలెను. అది చెప్పవలెనన్న మెరుగుపూతల చరిత్ర కొంత చెప్పుకొనవలెను. ఏలయన, కొయ్యమెరుగును బండిమెరుగును ఒకప్పుడు ఒక్కటియే. అవి ఒక్క యింట పుట్టి, ఒక్క యింట పెరిగి, నూరేండ్ల క్రిందట మాత్రమే వేరుకాపురము పెట్టినవి. ఆ పంపకము ఎట్లు జరిగెనో తెలిసినచో అటకమీది డబ్బా యెవరి వాటాలోనిదో తేలిపోవును.

మన దేశమున మెరుగుపూతలకు పెద్దదిక్కు లక్క. మోదుగు, రేగు మున్నగు చెట్ల లేతకొమ్మలపై లక్కపురుగు గుంపులుగా చేరి, చెట్టురసము త్రాగి, తన చుట్టును కట్టుకొను గూడే లక్క. భారతమునందలి లక్కయింటి కథ యెరుగని పెద్దలు మనలో లేరు. వేడికి లక్క ఎంత సులభముగ లొంగునో ఆ కథయే చెప్పుచున్నది. ఆ లొంగుబాటునే మన పనివారు విద్యగా మార్చుకొనిరి. వరాహనదీ తీరమున ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణెపట్టి తిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు అంటుకొనును. పిదప మొగలి ఆకుతో రుద్దగా అద్దమువలె మెరయును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. లక్కను శుద్ధిచేసి సారాయి సత్తులో కరగించినచో షెల్లాకు అగును. గుడ్డచుట్టతో పలుమారులు రుద్ది కుర్చీలకు బీరువాలకు మెరుగుపెట్టు ఫ్రెంచి పాలిషు అదియే.

కాని లక్కకు మూడు బలహీనతలు కలవు. వేడికి మెత్తబడును. నీరు నిలిచినచోట తెల్లబారును. సారాయి తగిలిన కరగిపోవును. మెరుగుపెట్టిన బల్లమీద వేడి గిన్నె దింపగా తెల్లని వలయము పడుట మీరు చూచియే యుందురు. అందుచేత లక్క ఇంటిలోపలి వస్తువులకు రాణియైనను, వీథిలో తిరుగు బండికి పనికిరాదు.

వీథిలో తిరుగువానికి నూనె వార్నిషు పుట్టినది. అవిసెనూనెను కాచి, అందు గుగ్గిలము వంటి గట్టి బంకను కరగించి, టర్పెంటైనుతో పలుచబరచుదురు. దక్షిణదేశమున పడవల అతుకులకు గుగ్గిలమును నూనెలో కాచి పూయుట పూర్వాచారమే గనుక, ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. ఇందొక విశేషము గమనింపదగును. అవిసెనూనె ఆరుట యనగా నీరువలె ఆవిరియై పోవుట కాదు. అది గాలిలోని ప్రాణవాయువును త్రాగి గట్టిపడును. కనుకనే ఆరిన నూనె తూకమున తగ్గక పెరుగును. ఈ త్రాగుట ఒక దినముతో ఆగునది కాదు. సంవత్సరములకొలది సాగుచు, పూతను క్రమముగ పసుపెక్కించి, పెళుసుచేసి, తుదకు బీటలు వారించును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మన ప్రశ్నకు సగము ప్రత్యుత్తర మిందే యున్నది.

ఐరోపాలో ప్రభువుల గుఱ్ఱపుబండ్లకు వేసినది ఈ నూనె వార్నిషే. 18వ శతాబ్దిలో పారిసు నగరమున మార్టిను సోదరులు అను పనివారు చీనా జపానుల మెరుగుపనిని అనుకరించు వార్నిషునకు ప్రసిద్ధి చెందిరి. నస్యపు డబ్బీకి, గదిగోడకు, గుఱ్ఱపుబండికి గూడ వారి చేతిమెరుగు నడచినది. అనగా ఇంటి సామానునకును బండికిని నాడు పనివాడొక్కడే, పూత యొక్కటే. బండికి పలుమారులు రంగు వేయుట, ప్రతిసారియు ఆరనిచ్చి రాతిపొడితో నున్నగా రాచుట, తుదకు వార్నిషు వేయుట, ఇంతయు ముగియుటకు వారములు పట్టెడిది. బండి ఒడలంతయు కొయ్య గనుక కొయ్యకు తగిన పూతయే బండికి తగియుండెను.

మన ప్రాంతమునకు ఆ మెరుగు రైలుపెట్టెలలో వచ్చినది. 1899లో బెజవాడ మద్రాసుల నడుమ రైలుమార్గము కలియుటతో తెనాలియు బాపట్లయు ఆ దారిలో నిలిచినవి. 1916లో తెనాలినుండి రేపల్లెకు శాఖామార్గము పడినది. ఆ కాలపు పెట్టెలలో టేకుపని మెండు. లోపలి బల్లలు, తలుపులు వార్నిషుతో మెరయుచుండెడివి. ఎండవానల తిరుగు కొయ్యను కొంతకాలమునకు ఒకసారి వర్కుషాపునకు పట్టి, గీచి, మరల పూయుచుండుట రైలు కంపెనీల నియమము. వార్నిషు నిలిచినది దాని బలముచేత కాదు, మరల మరల పూసిన చేతులచేత.

మొదటి మోటారుకార్లు పుట్టినప్పుడు అవి గుఱ్ఱము లేని గుఱ్ఱపుబండ్లే. చట్రము కొయ్య, పూత నూనె వార్నిషు, వేయువారు పాత బండిరంగుల పనివారే. చిక్కు వచ్చినది వేగము దగ్గర. 1913లో అమెరికాలో హెన్రీ ఫోర్డు కర్మాగారమున కదలెడి వరుసమీద కార్లు కూర్చుట ఆరంభమయ్యెను. నిమిషములలో బండి సిద్ధమగుచుండ, రంగు ఆరుటకు వారములు కనిపెట్టుకొని యుండుట ఎట్లు? 1914 మొదలు 1925 వరకు ఫోర్డు 'మోడల్ టి' కార్లు నల్లరంగుననే వచ్చినవి. తారుజాతి పదార్థమును నూనెతో కలిపిన నల్లపూతను కొలిమిగదులలో కాల్చి గట్టిపరచిరి. ఇందొక చమత్కారము కలదు. నలుపు ఎండను తనలోనికి పోనీయదు. ఆ నలుపే క్రింది పూతకు గొడుగువలె పనిచేసెను. రంగు లేని వార్నిషునకు అట్టి గొడుగు లేదు. ఎండ దానిలోనుండి దూసికొనిపోయి క్రింది పొరను తినివేయును.

పంపకము నిజముగ జరిగినది 1923, 1924 సంవత్సరములలో. దానికి మూలము మనమెరిగిన ప్రత్తి. ప్రత్తిని తీవ్రమైన ఆమ్లములలో నానబెట్టిన ప్రేలుడు పదార్థమగునని 1846లో షోన్‌బైన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. మొదటి మహాయుద్ధమున తుపాకిమందునకై దానిని గుట్టలుగా తయారుచేసిరి. 1918లో యుద్ధము ముగియగా ఆ కర్మాగారములు పనిలేక నిలిచినవి. ఆ జాతి పదార్థమునే ద్రావకములో కరగించి రంగుగా మార్చి, డ్యూపాంటు కంపెనీవారు జనరల్ మోటార్సు వారితో కలసి 'డ్యూకో' అను పేరున తెచ్చిరి. 1924 నాటి 'ఓక్లాండు' కారునకు నీలిరంగు డ్యూకో వేసి విడుదలచేసిరి. ఇది ప్రాణవాయువును త్రాగుచు కూర్చుండునది కాదు. ద్రావకము ఆవిరి కాగానే గట్టిపడును. తుపాకిగొట్టమువంటి పరికరముతో తుంపరగా చల్లవచ్చును. వారములు పట్టిన పని గంటలలోనికి దిగెను. గుంటూరు మండలపు ప్రత్తిరైతునకు ఈ సంగతి వినుట ముచ్చటగానే యుండును.

ఇక్కడ కథ ఒక మలుపు తిరిగినది. అంతవరకు కొయ్యపూత బండికి పోయినది. ఇప్పుడు బండిపూత కొయ్యకు వచ్చినది. కుర్చీలు బల్లలు చేయువారు ఆ జాతి లాకరును చేపట్టిరి. దీనికి మన తెలుగునాటనే చక్కని సాక్ష్యము కలదు. నిర్మల పనివారు తేలికైన పొణికికర్రతో చేయు బొమ్మలకు, పలకలమీద వ్రాయు చిత్తరువులకు డ్యూకో రంగులనే వాడుదురు. కారునకై పుట్టిన రంగు నిర్మలలో లేడిపిల్లకు, నెమలికి మెరుగు దిద్దుచున్నది. ఆ వస్తువులు గోడమీదను గాజుబీరువాలోను నీడపట్టున నుండునవి గనుక ఆ రంగు అక్కడ సుఖముగా నున్నది.

అట్లైన కొయ్య వార్నిషు కారుమీద ఎన్నడును నిలువలేదా యని మీరడుగవచ్చును. నిలిచినది, అది కొయ్యకారు మీద. 1929లో ఫోర్డు కంపెనీ కొయ్యపలకలతో కట్టిన స్టేషను వాగన్లను పెద్ద సంఖ్యలో చేయ నారంభించెను. ఇతరులును అదే దారి పట్టిరి. ఆ పలకలకు ఓడస్తంభములకు పూయు 'స్పారు' వార్నిషు వంటి మేలురకములు పూసెడివారు. గాలికి వంగు ఓడకొయ్యతోపాటు తానును సాగుటకై మెత్తగా చేసిన వార్నిషది. అంత మేలురకమును గూడ ఏడాదికొకసారి గీచి మరల పూయుట యజమానుల కర్తవ్యమాయెను. ఆ శ్రమకు తాళలేక జనులు ఇనుపరేకు బండ్లవైపు మరలిరి. అమెరికాలో నిజమైన కొయ్యతో వచ్చిన చివరి పెద్ద వాగను 1953 నాటి బ్యూక్. ఇంగ్లండున 'మోరిసు మైనరు ట్రావెలరు' మాత్రము 1953 నుండి 1971 వరకు వార్నిషు పూసిన కొయ్యచట్రముతో వచ్చుచుండెను. మన దేశమున గూడ పూర్వము బస్సులకు ఇంజనుతోడి చట్రమును తెప్పించి, పై యింటిని వడ్రంగులే టేకుకర్రతో కట్టెడివారు. లోపలి కొయ్యకు వార్నిషు, వెలుపలి రేకునకు రంగు. ఒకే బండిలో రెండు ఒళ్లకు రెండు పూతలు! ఆ పనివారికి తేడా తెలిసియే యుండెను.

ఇక నేటి డబ్బాల సంగతి. 1927లో కీన్లె అను అమెరికా రసాయనశాస్త్రవేత్త నూనెలను ఆమ్లములతో కూర్చి చేసిన బంకలకు 'ఆల్కిడ్' అని పేరుపెట్టెను. మన ఇండ్లలో కిటికీలకు తలుపులకు వేయు సింథటిక్ ఎనామెలు, మామూలు వార్నిషులు చాలవరకు ఈ జాతివే. ఇవి నూనె వార్నిషునకు మనుమలు. గాలిని త్రాగియే ఆరును. 1937లో జర్మనీలో ఆటో బేయరు పాలీయురేథేను అను మరియొక జాతిని కనుగొనెను. దాని సంతతిలో నొకటి కారుమీది క్లియర్ కోటు. అది రెండు డబ్బాలది. ఒకదానిలో బంక, రెండవదానిలో దానిని గట్టిపరచు హార్డెనరు. రెండును కలిసిన క్షణమునుండి అణువులు ఒకదానితో నొకటి ముడివేసికొని, మరల కరగని వలగా అల్లుకొనును.

ఇక్కడనే జనులు మోసపోవుచున్నారు. కొయ్యకు వాడు ఒంటిడబ్బా మీద గూడ పాలీయురేథేను అనియే వ్రాసియుండును. పేరు ఒక్కటియే, పుట్టుక వేరు. అది ఆల్కిడు నూనెలో కొంత యురేథేను కలిపిన వార్నిషు మాత్రమే. కొయ్యకు గూడ రెండు డబ్బాల రకము లేకపోలేదు. కాని ఇంటిలోపలి సామానుకై చేసిన రకములు తరచుగా ఎండకు పసుపెక్కు జాతివి. పేరు చూచి సంబంధము కలుపుకొనుట పెండ్లిలోనే కాదు, రంగులోను ప్రమాదమే.

కారునకు వేరుగా పారదర్శకపు పైపూత ఎందుకు వచ్చినది? రంగులో అల్యూమినియపు పలుకులు కలిపి మిలమిలలాడించు వాడుక హెచ్చినకొలది, ఆ పలుకులను గాలికి వానకు తగులకుండ కాచుట అవసరమాయెను. అందుచే క్రింద రంగుపొర, పైన రంగులేని పొర అను పద్ధతి వ్యాపించి, 1980 దశకమునాటికి లోకమున సామాన్యమాయెను. రంగులేని పొరకు గొడుగు లేదని ముందే చెప్పితిని గదా! ఆ గొడుగును శాస్త్రజ్ఞులు రసాయనముతో కూర్చిరి. ఎండలోని అతినీలకిరణములను తాము మ్రింగు పదార్థములు కొన్ని, కిరణములవలన మొదలైన చెరుపును నడుమ త్రెంచు పదార్థములు కొన్ని. ఈ రెండవరకము 1970 దశకములో వాడుకలోనికి వచ్చినది. కర్మాగారమున వేసిన ఈ పొర మందము సుమారు 40 నుండి 50 మైక్రానులు, అనగా తలవెంట్రుక మందముకంటె తక్కువ. అంత పలుచని పొర ఏండ్లతరబడి ఎండను మోయుటకు కారణము ఆ కనబడని గొడుగే. ఇంటిలోపలి కొయ్యవార్నిషులో సాధారణముగ అది యుండదు. బయటి కొయ్యకు అమ్ము మేలురకములలో కొంత యున్నను, వానిని గూడ ఒకటి రెండేండ్లకు మరల పూయవలెనని తయారించినవారే చెప్పుదురు.

ఇప్పుడు మన సీమకు వత్తము. 1611లో 'గ్లోబు' అను ఓడలో ఇంగ్లీషువారు రేపల్లె చేరువనున్న నిజాంపట్టణమునకు వచ్చినది ఇచ్చటి అద్దకపు వస్త్రములకై. చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకును పోలేదన్న కారణమేమి? అద్దకమువాడు ముందు పటికెతో నూలును సిద్ధపరచును. పిదప రంగు నూలులోనికి దిగి పట్టుకొనును. కొయ్యయు నూలువంటిదే. దానికి నరములున్నవి, రంధ్రములున్నవి; వార్నిషు వానిలోనికి దిగి వేళ్లు తన్నును. కారుమీది పాతపూత అద్దమువంటిది. దిగుటకు చోటు లేదు. గరుకు కాగితముతో రాచి పట్టు కల్పింపనిచో వార్నిషు దానిమీద పడుకొనునే గాని పట్టుకొనదు. రాచినను, ఊడుచున్న పొరమీద పూసినది ఆ పొరతోనే ఊడును. కూలుచున్న గోడకు సున్నము కొట్టినట్లే.

ఇంకొక భేదము. కొయ్య తేమకు ఉబ్బి, పొడికి ముడుగును. ఇనుపరేకు తేమ నెరుగదు, వేడి నెరుగును. మే నెలలో బాపట్ల ఎండలో నిలిపిన కారుకప్పు మీద చేయి పెట్టజాలము. ఆ వేడికి కొయ్యవార్నిషు మెత్తబడి దుమ్మును పట్టుకొనును. సూర్యలంక వైపునుండి వీచు ఉప్పుగాలి, చేలలోని తేమ, రాత్రి మంచు దానికి తోడు. కొలది నెలలలో పసుపు, ఏడాది రెండేండ్లలో బీటలు, పెచ్చులు. బీటల సందున ఉప్పునీరు దూరి, రేకు బయటపడినచోట తుప్పు.

అంతకంటె పెద్ద నష్టము తరువాత వచ్చును. సొమ్ము సమకూడి మంచి క్లియర్ కోటు వేయింపబోయినప్పుడు, దానిలోని ఘాటైన ద్రావకము క్రింది నూనె వార్నిషును లేపి ముడుతలు పడజేయును. అందుచేత పనివాడు మొదట మీ వార్నిషునంతయు గీచివేయవలెను. ఆ గీచుడు కూలి వేరు. నూరు మిగిల్చి వేయి పోగొట్టుకొనుట యనగా నిదియే.

మరి చేయదగినది యేమి? మెరుగు మాసినదే గాని ఊడలేదా, మెత్తని రుద్దుడుమందుతో రుద్ది మైనము పట్టింపుడు, అది చాలును. ఊడినచో బండినంతయు చేయింపనక్కరలేదు. చెడిన రేకులు, అనగా కప్పు, ముందరి మూత మాత్రము గీయించి, రెండు డబ్బాల క్లియర్ కోటు వేయింపవచ్చును. అందుకును శక్తి లేనిచో, రంగుపొర మిగిలినంతవరకు మైనము పట్టించి, నీడన నిలిపి, వారమునకొకసారి మంచినీట కడిగి ఉప్పు వదల్చుడు. చూపునకు వన్నె లేకపోయినను రేకునకు కీడు తగ్గును. రేకు బయటపడినచోట మాత్రము వెంటనే తుప్పు గీచి ప్రైమరు పూయుడు. ట్రాక్టరు ట్రక్కు వంటి పనిబండ్లకు, ప్రైమరుమీద రంగుగల సింథటిక్ ఎనామెలు వేసికొనుట తప్పు కాదు. అందలి రంగే కొంత గొడుగు. వార్నిషు డబ్బాను ట్రక్కు కొయ్యపలకలకు వాడుడు. దాని తావు అదియే.

రెండు హెచ్చరికలు చేసి ముగింతును. సొమ్ము కలిసివచ్చునని రెండు డబ్బాల పూతను ఇంటి పశువులపాకలో చల్లవలదు. హార్డెనరులోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు తీరని ఉబ్బసము తేగలదు. ముక్కునకు కట్టిన తువాలు దానిని ఆపజాలదు. ఆ పని తగిన గాలి ముసుగు గల పనివానిది. రెండవది, అవిసెనూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పడవేయవలదు. నూనె ప్రాణవాయువును త్రాగునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి పోవు దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకొనును. విడదీసి ఆరుబయట పరచి ఆరవేయుడు.

లక్క బొమ్మకు, వార్నిషు తలుపునకు, క్లియర్ కోటు కారునకు. ఏదియు ఎక్కువది కాదు, ఏదియు తక్కువది కాదు. ప్రతి పూతయు ఒక ఒంటిని చూచి పుట్టినది. అటకమీది డబ్బా మంచి డబ్బాయే. దానిని దించి, వర్షములు రాకముందే వీథితలుపునకు ఇంకొక చేయి పూయింపుడు.